గ్లెన్ వెలెజ్ ఫ్రేమ్ డ్రమ్ రికార్డింగులు ఏ వరుసలో వినాలి?

ప్రశ్న: ఖండచాపు

అందరికీ నమస్కారం. చిన్నప్పటినుంచి కర్ణాటక సంగీత కచేరీలు వింటున్నవాణ్ణి. కొన్నేళ్లు మృదంగం కూడా నేర్చుకున్నాను కాబట్టి తని ఆవర్తనంలో (కచేరీలో తాళవాద్యాలు మాత్రమే మోగే భాగంలో) నడక ఎప్పుడు మారిందో, మోరా (మూడుసార్లు పలికే ముగింపు) ఎక్కడ మొదలైందో, కోర్వ (లెక్క కట్టిన ముగింపు అల్లిక) చివరికి సమం (తాళం మొదటి దెబ్బ) మీద పడిందో ఎత్తుగడ (పాట ఎత్తుకునే చోటు) మీద పడిందో చేత్తో తాళం వేసుకుంటూ పట్టుకోగలను. ఈమధ్య డాలస్‌లో ఉంటున్న మా అన్నయ్య, తమ ఊళ్లో పుట్టిన విద్వాంసుడంటూ గ్లెన్ వెలెజ్ వాయించిన ఫ్రేమ్ డ్రమ్ సోలో ఒకటి పంపాడు. వెడల్పైన, లోతు లేని ఒక చెక్క చట్రం, దాని మీద బిగించిన ఒక్క చర్మం, రెండు చేతుల వేళ్లు. అంతకు మించి ఏ సరంజామా లేదు.

మొదట ఆ నాదమే నన్ను కట్టిపడేసింది. అడుగున గంభీరంగా మోగే ధ్వని, దాని మీద అంచు దగ్గరనుంచి వచ్చే సన్నని టకటకలు, మధ్యమధ్య చర్మాన్ని వేలితో రాస్తున్నట్టు వినిపించే ఒక దీర్ఘమైన మూలుగు, ఇవన్నీ ఒకే వాద్యంలోనుంచి వస్తున్నాయంటే నమ్మబుద్ధి కాలేదు. అయితే కాసేపయ్యేసరికి నా చెయ్యి అలవాటుకొద్దీ తాళం వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఏడు అక్షరాలనుకుంటే కొంతసేపు కుదిరింది, తరువాత జారిపోయింది. మోరా వస్తుందని ఎదురుచూసిన చోట రాలేదు. ముగింపు అని చెప్పదగ్గ తీర్మానమేదీ లేకుండానే వాదనం ఆగిపోయింది. మరోసారి విన్నా అదే అనుభవం.

ఆయన రికార్డింగుల జాబితా చూస్తే చాలా పెద్దదిగా ఉంది. సొంత ఆల్బములు కొన్ని, ఇతరుల బృందాల్లో వాయించినవి మరికొన్ని. మనలాంటి చెవి ఉన్నవాళ్లు వీటిలో దేనితో మొదలుపెడితే మంచిది? ఇందులో లెక్క అనేది ఉందా, లేక ఇది పూర్తిగా నాదప్రధానమైన వ్యవహారమా? ఆయన మన కంజీర (కచేరీల్లో మృదంగం పక్కన వాయించే చిన్న ఒంటి చర్మపు వాద్యం) కూడా నేర్చుకున్నారని చదివాను. ఆ ప్రభావం వాదనంలో ఎక్కడైనా పట్టుకోగలమా? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

జవాబు: అనాగతం

ఖండచాపు గారూ, మీకు ఎదురైన చిక్కు మృదంగం నేర్చుకున్నవాళ్లలో చాలామందికి ఎదురయ్యేదే. తని ఆవర్తనం వినే పద్ధతిని యథాతథంగా తీసుకుపోయి వెలెజ్ సోలోల మీద పెడితే అది అక్కడ ఇమడదు. అందుకని నా సలహా ఏమిటంటే, సోలోలను ప్రస్తుతానికి పక్కనపెట్టి, ఆయన పక్కవాద్యకారుడిగా వాయించినవి ముందు వినండి. మనం కూడా ఒక మృదంగ విద్వాంసుణ్ణి తని ఆవర్తనం కంటే ముందు కృతికి ఎలా వాయించాడన్నదాన్నిబట్టే అంచనా వేస్తాం కదా.

ముందుగా ఆయన గురించి నాలుగు మాటలు. వెలెజ్ 1949లో టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్‌లో పుట్టారు, కాబట్టి మీ అన్నయ్యగారు చెప్పినది నిజమే. మొదట జాజ్ డ్రమ్ములు వాయించేవారు. తరువాత న్యూయార్క్ చేరి, 1970లలో అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైక్ బృందంలో వాద్యకారుడిగా ఉన్నారు. ఆ కాలంలోనే చట్రానికి బిగించిన ఒంటి చర్మపు వాద్యాల వైపు మనసు మళ్లి, ఒక్కొక్క సంప్రదాయాన్నీ దానికి చెందిన గురువుల దగ్గరే నేర్చుకోవడం మొదలుపెట్టారు. అరబ్బుల రిక్, బ్రెజిల్ పాండేరో, దక్షిణ ఇటలీ తంబురెల్లో, మధ్య ఆసియా దోయిరా, మన కంజీర, ఇలా ఆ ప్రయాణం సాగింది. కంజీర విషయంలో ఆయనకు గురువు రామ్‌నాడ్ రాఘవన్ గారు. ఆయన అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో చాలాకాలం మృదంగం బోధించిన విద్వాంసులు. 1980లలో పాల్ వింటర్ కన్సార్ట్ అనే బృందంలో చేరాక వెలెజ్ పేరు సామాన్య శ్రోతలకు కూడా తెలిసింది.

ఇక వినవలసిన వాటి సంగతి. నేనైతే ‘నఫస్’తో మొదలుపెట్టమంటాను. లెబనాన్‌కు చెందిన ఊద్ (అరబ్బుల తంత్రీవాద్యం) వాద్యకారుడు రబీ అబూ ఖలీల్ పేరు మీద ఇ.సి.ఎం. సంస్థ 1988లో విడుదల చేసిన ఆల్బం ఇది. ఊద్, నయ్ అనే వేణువు, దర్బుకా అనే గిన్నె ఆకారపు డోలు, వెలెజ్ ఫ్రేమ్ డ్రమ్ములు, మొత్తం నలుగురే మనుషులు. ఇందులో గమనించవలసింది దర్బుకాకూ ఫ్రేమ్ డ్రమ్ముకూ మధ్య ఉన్న పని విభజన. దర్బుకా గొంతు పదునైనది, మాట స్పష్టంగా పలుకుతుంది. వెలెజ్ దాంతో పోటీకి పోకుండా కింది స్థాయిని పట్టుకుని, ఊద్ వాక్యం ఆగినచోట మాత్రమే ఒకటి రెండు పలుకులు పైకి వదులుతారు. మృదంగం పక్కన కంజీర కూర్చున్నప్పుడు మంచి కంజీర విద్వాంసుడు పాటించే సంయమనం ఇక్కడ కూడా కనిపిస్తుంది, కాకపోతే స్థాయిలు తారుమారయ్యాయి.

దీని తరువాత అదే ఖలీల్ 1988లో రికార్డు చేసిన ‘బుక్రా’ వినండి. అందులో వెలెజ్‌తోపాటు చెన్నైలో పుట్టి జర్మనీలో స్థిరపడిన తాళవాద్య కళాకారుడు రమేష్ శోథమ్ కూడా ఉన్నారు. పై ఆల్టో శాక్సఫోన్, కింద బాస్, నడుమ ఈ ఇద్దరి తాళవాద్యాలు. ఎవరు ఏది వాయిస్తున్నారో విడదీసి వినడమే ఒక మంచి సాధన. ఆ తరువాత ఆయన సొంత ఆల్బం ‘సెవెన్ హెవెన్’కు రండి. 1987లో సి.ఎం.పి. అనే జర్మన్ సంస్థ తెచ్చినది. తాళవాద్య విద్వాంసుడు త్రిలోక్ గుర్తు సొంత ఆల్బములు తెచ్చిన సంస్థ కూడా అదే. స్టీవ్ గోర్న్ అనే అమెరికన్ కళాకారుడి బాన్సురీ, లేన్ రెడ్‌మండ్ మరో ఫ్రేమ్ డ్రమ్, వెలెజ్ ఫ్రేమ్ డ్రమ్ములు. ముగ్గురే కాబట్టి చోటు చాలా ఉంటుంది, వేణువు మనకు పరిచయమైన గొంతు కాబట్టి చెవికి ఆసరా దొరుకుతుంది. సోలోలకు ఆ తరువాత వెళ్లవచ్చు.

జవాబు: నాదబిందువు

అనాగతం గారి వరుసతో నేను ఏకీభవించలేను. ఆల్బములు మంచివే, అందులో సందేహం లేదు. కానీ బాన్సురీ వినబడగానే మన చెవి రాగాన్ని వెతుక్కుంటూ దాని వెంట పోతుంది, ఫ్రేమ్ డ్రమ్ మళ్లీ నేపథ్యంలోకి జారుకుంటుంది. ప్రశ్న అడిగిన మిత్రులు నాదం దగ్గర ఇప్పటికే చిక్కుకున్నారు. ఆ ఆసక్తి చల్లారకముందే నేరుగా నాదంలోకి వెళ్లడం మంచిదని నా ఉద్దేశం. అందుకు ‘బోర్డర్ స్టేట్స్’ అనే 1993 నాటి సోలో ఆల్బం ఉంది. దానితో మొదలుపెట్టండి. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. ఫోను స్పీకరులో ఈ వాద్యం సగం కూడా వినబడదు, ఎందుకంటే దాని ప్రాణమంతా కింది స్థాయిలోనే ఉంటుంది, చిన్న స్పీకర్లు సరిగ్గా దాన్నే మింగేస్తాయి.

ఈ నాదం మృదంగంకంటే ఎందుకు భిన్నంగా ఉంటుందో తెలిస్తే వినడం సులువవుతుంది. సమంగా లాగి బిగించిన మామూలు చర్మాన్ని కొడితే పుట్టే అంశధ్వనుల (ఒకే దెబ్బలో కలిసి మోగే వేర్వేరు స్థాయిల ధ్వనుల) నిష్పత్తులు 1, 1.59, 2.14, 2.30, ఇలా సాగుతాయి. ఇవి పూర్ణసంఖ్యలు కావు కనుక ఒకదానితో ఒకటి శ్రుతి కలవవు, వాటికి నిలకడైన స్వరం ఉన్నట్టు చెవికి అనిపించదు. మృదంగం కుడి మూత మీద వేసే నల్లటి కరణ చేసే ఉపకారమే ఇది: చర్మం నడుమ బరువు పెంచి ఆ నిష్పత్తులను 1, 2, 3, 4, 5 దగ్గరికి లాక్కొస్తుంది. అందుకే మృదంగాన్ని గాయకుడి షడ్జమానికి శ్రుతి చేయగలుగుతున్నాం. ఈ విషయాన్ని శాస్త్రీయంగా వివరించినవారు సి.వి. రామన్. 1920లోనూ, మరింత విపులంగా 1934లోనూ ఆయన దీని మీద పత్రాలు ప్రచురించారు. ఆయన బాల్యం, తొలి చదువు విశాఖపట్నంలోనే సాగాయని ఇక్కడివారికి గుర్తుచేయనక్కరలేదనుకుంటాను.

ఫ్రేమ్ డ్రమ్ముకు కరణ లేదు. కాబట్టి దాని ధ్వని శ్రుతికి లొంగదు, కానీ ఎక్కడ కొట్టామన్నదాన్నిబట్టి రంగు మారిపోతుంది. నట్టనడుమ కొడితే ధ్వని దిట్టంగా పుట్టి వెంటనే ఆరిపోతుంది. అంచునుంచి కొద్దిగా లోపలికి, బొటనవేలి పక్కతో తట్టి వేలిని తక్షణం వెనక్కి తీసుకుంటే చర్మం స్వేచ్ఛగా కంపించి చాలాసేపు మోగుతుంది. అదే అంచు మీద, సరిగ్గా చెక్క మీద చర్మం మడతపడే చోట ఉంగరపు వేలితో కొడితే కింది స్థాయి దాదాపు మాయమై పై అంశధ్వనులు మాత్రమే మిగులుతాయి. మీరు టకటకలు అన్నది దీన్నే. ఇక రాసినట్టు వినిపించే మూలుగు: వేలి కొనను కాస్త తడి చేసి చర్మం మీద ఒత్తి తోస్తే అది జారుతూ, పట్టుకుంటూ, మళ్లీ జారుతూ పోతుంది. ఆ పట్టు విడుపుల వరుసే చర్మాన్ని అలా మోగిస్తుంది.

వెలెజ్ సోలోలో లెక్క లేదని కాదు, ఉంది. అయితే అక్కడ లెక్క ముందు నడవదు, నాదం వెనక నడుస్తుంది. ఒక చిన్న వలయాన్ని స్థాపించి, దాన్ని మార్చకుండా అందులో ఒక్క దెబ్బ రంగును మారుస్తారు, కాసేపయ్యాక మరో దెబ్బ. మీరు ఏడు లెక్కపెట్టగలిగి తరువాత జారిపోయిందంటున్న చోట తాళం బహుశా మారి ఉండదు. బరువు పడే దెబ్బ మారి ఉంటుంది. తాళం వేయడం మానేసి, ఒకసారి కింది స్థాయి దెబ్బలను మాత్రమే వరుసగా వినండి. మరోసారి అంచు దెబ్బలను మాత్రమే వినండి. రెండు వేర్వేరు సంభాషణలు బయటపడతాయి.

ప్రశ్నకర్త: ఖండచాపు

ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు వరుసలనూ కలిపి విన్నాను. ఎవరి మాటా తీసివేయలేదు. ‘నఫస్’లో అనాగతం గారు చెప్పిన పని విభజన చాలా స్పష్టంగా తెలిసింది. ముఖ్యంగా నయ్ ఒక్కటే పలుకుతున్న చోట వెలెజ్ వాయించీ వాయించనట్టు ఉండటం నాకు నచ్చింది. సోలో దగ్గర కింది దెబ్బలను విడిగా వినమన్న సూచన మరీ ఉపకరించింది. నేను మొత్తాన్ని ఒకే పాఠంగా వింటున్నందువల్ల చెదిరిపోతున్న సంగతి అర్థమైంది.

ఇంకో రెండు సందేహాలు. ఆల్బముల వివరాల్లో తార్, బెందీర్, బోద్రాన్, రిక్ అంటూ అనేక పేర్లున్నాయి. వింటుంటే ఏది ఏదో ఎలా గుర్తుపట్టాలి? రెండవది, కంజీర సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. కంజీర వాదకుడు ఎడమ చేతి వేళ్లతో చర్మాన్ని నొక్కి ధ్వనిని కిందనుంచి పైకి సాగదీస్తాడే, ఆ గుమ్కీ లాంటిది వెలెజ్‌లో నాకు ఒకటి రెండు చోట్ల వినిపించింది. అది కంజీర ప్రభావమేనా?

జవాబు: చిర్రపుల్ల

నేను కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు, డప్పు వాయిస్తాను. ఈ చర్చలో డప్పు ప్రస్తావన రాకపోవడం ఆశ్చర్యంగానే ఉంది, ఎందుకంటే చెక్క చట్రానికి ఒకవైపు చర్మం బిగించిన వాద్యం కావాలంటే తెలుగువాళ్లు కంజీరదాకా వెళ్లనక్కరలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రతి ఊళ్లో ఉన్నదే.

వాద్యాలను గుర్తుపట్టే విషయంలో నాకు తెలిసినది చెబుతాను. రిక్ చిన్నది, దాని చట్రంలో ఐదు చోట్ల మొత్తం పది జతల ఇత్తడి బిళ్లలుంటాయి. సంప్రదాయంగా చేప చర్మం బిగిస్తారు. బిళ్లలన్నీ ఒకేసారి గలగలమంటే రిక్‌ను ఊపుతున్నారన్నమాట. ఒకే జత తళుక్కుమంటే దాన్ని కదలకుండా పట్టుకుని వేలితో ఆ ఒక్క జతనే మీటుతున్నారన్నమాట. బెందీర్ ఉత్తరాఫ్రికాది, పెద్దది. చర్మం వెనకవైపు నరపు తీగలు అడ్డంగా బిగించి ఉంటాయి కాబట్టి ప్రతి దెబ్బ వెంట తంబూరా జీవాళంలాగా ఒక జుమ్మనే గర్జన సాగుతుంది. ఒకసారి విన్నాక ఇక పొరబడే అవకాశం లేదు. తార్‌కు బిళ్లలూ ఉండవు, తీగలూ ఉండవు, శుద్ధమైన చర్మపు ధ్వని. బోద్రాన్ ఐర్లండుది. అక్కడ దాన్ని చిన్న పుల్లతో వాయిస్తారు. వెలెజ్ మాత్రం దాన్ని ఒళ్లో నిలబెట్టి వేళ్లతో వాయిస్తారు. అందుకే ఐరిష్ పాటల్లో వినే బోద్రాన్‌కూ ఈయన బోద్రాన్‌కూ పోలిక తెలియదు. నేను చూసినంతలో, ఆ వాద్యం నుంచి పుల్లను తీసేయడమే ఆయన చేసిన పెద్ద మార్పు.

మాది దీనికి సరిగ్గా ఎదురు. డప్పుకు కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండే చిర్ర, ఎడమచేతిలో సన్నగా, పొడుగ్గా ఉండే సిటికెన పుల్ల. చిర్ర నడుమ దెబ్బకు, సిటికెన పుల్ల అంచు పలుకుకు. కింది స్థాయి, పై స్థాయి అంటూ నాదబిందువు గారు చెప్పిన రెండు సంభాషణలూ మా రెండు పుల్లల మధ్య నడుస్తాయి. వాయించబోయే ముందు గడ్డి మంటేసి, డప్పును దాని మీద తిప్పుతూ వేడి చేస్తాం. చర్మంలోని చెమ్మ పోయి బిగుసుకుని గొంతు పైకి లేస్తుంది. మంట దగ్గర ఒకచోటే పెడితే చర్మం కమిలి చిట్లిపోతుంది కనుక తిప్పుతూనే ఉండాలి, మధ్యమధ్య వేలితో మీటి గొంతు చూసుకుంటుండాలి. వానాకాలం ఊరేగింపులో దరువు రెండు వీధులు దాటేసరికి మళ్లీ మంట కావలసిందే. కంజీరవాళ్లు ఇందుకు పూర్తిగా వ్యతిరేకంగా లోపలివైపు నీళ్లు చల్లి చర్మాన్ని వదులు చేసుకుంటారని విన్నాను. వెలెజ్ లాంటివాళ్లు ఎక్కువగా వాడే కృత్రిమ చర్మాలకు ఈ రెండు బాధలూ లేవు. తేమకు అవి మారవు. రికార్డింగులో మొదటినుంచి చివరిదాకా గొంతు ఒకేలా ఉందంటే అది చాలావరకు కృత్రిమ చర్మమే అనుకోవచ్చు.

మరొక విషయం. వెలెజ్ తన శిక్షణ తరగతుల్లో వాయించడంతోపాటు అడుగులు వేయించడం, నోటితో పలికించడం చేయిస్తారని తెలిసి నాకు ఏమంత వింత అనిపించలేదు. డప్పును కూర్చుని వాయించేవాణ్ణి నేను ఎక్కడా చూడలేదు. దరువు కాళ్లలోనే మొదలవుతుంది. ఆ దృష్టితో వింటే ఆయన సోలోలో తీర్మానం లేదన్న లోటు నాకు అనిపించదు. ఊరేగింపు దరువుకు తీర్మానం ఎక్కడుంటుంది, గుడి దగ్గరికి చేరినప్పుడు ఆగుతుంది. నాకున్న బాధల్లా ఒకటే: ఒక అమెరికన్ వాద్యకారుడి ఫ్రేమ్ డ్రమ్ముకు ఇంత దగ్గరగా మైకు పెట్టి, ఇంత నిశ్శబ్దంలో, ఒంటరిగా రికార్డు చేసిన ఆల్బములున్నాయి. డప్పుకు అలాంటివి నేను విన్నంతలో చాలా తక్కువ. మావి ఎప్పుడూ గుంపులో, మైదానంలో, అరుపుల మధ్య రికార్డయినవే. సిటికెన పుల్ల పలికే సన్నని పలుకు వాటిలో ఎవరికీ వినబడదు.

వినవలసిన వాటిలో ఒకటి నేను కూడా చేరుస్తాను. స్టీవ్ రైక్ 1981లో పూర్తిచేసిన ‘తెహిలిమ్’ రికార్డింగును ఇ.సి.ఎం. 1982లో తెచ్చింది. వాయించినవాళ్లలో వెలెజ్ ఒకరు. హీబ్రూ కీర్తనలు, నాలుగు స్త్రీ కంఠాలు, బిళ్లలు తీసేసి నాలుగు వేర్వేరు స్థాయిలకు బిగించిన చిన్న ఫ్రేమ్ డ్రమ్ములు, చప్పట్లు. మొదటి భాగం కేవలం కంఠమూ డ్రమ్ములూ చప్పట్లతోనే ఎత్తుకుంటుంది. లయ మాటల ఒదుగునుబట్టి పోతుంది కనుక స్థిరమైన తాళం ఉండదు. తాళం కోసం వెతుక్కునే ఖండచాపు గారికి ఇది కొంచెం కష్టంగా ఉండవచ్చు, కానీ నాకైతే వెలెజ్ సొంత ఆల్బములకంటే ఇదే ఎక్కువ ఇష్టం.

జవాబు: అనాగతం

చిర్రపుల్ల గారు చెప్పినవాటిలో మంటకూ నీళ్లకూ ఉన్న తేడా కంజీర ప్రశ్నకు సూటిగా సంబంధించినదే కాబట్టి అక్కడినుంచే అందుకుంటాను.

కంజీర వ్యాసం సుమారు 17 నుంచి 22 సెంటీమీటర్లు మాత్రమే. అంత చిన్న చర్మం ఎండుగా ఉంటే గొంతు కీచుగా పైకి పోతుంది. నీళ్లు చల్లి వదులు చేస్తేనే ఆ చిన్న వాద్యంలోనుంచి అంత లోతైన ధ్వని వస్తుంది. అలా వదులైన చర్మాన్ని, పట్టుకున్న చేతి వేళ్లతోనే అంచు దగ్గర నొక్కి బిగిస్తే ధ్వని కిందనుంచి పైకి జారుతుంది. సంప్రదాయంగా కంజీరకు ఉడుము చర్మం వాడటానికి ఒక కారణం అది పలుచగా ఉండి ఇలా సాగడానికి లొంగడమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉడుము రక్షిత జంతువు కనుక ఇప్పుడు మేక చర్మానికీ కృత్రిమ చర్మానికీ మారుతున్నారు. ఆ మార్పు గుమ్కీలో కొంత తెలుస్తుంది.

వెలెజ్ వాయించే పెద్ద డ్రమ్ముల్లో ఈ పద్ధతి ఇలాగే సాగదు. 14, 16 అంగుళాల చర్మాన్ని పట్టుకున్న చేతి వేళ్లతో అంచున నొక్కితే వచ్చే మార్పు స్వల్పం. అందుకని అక్కడ వాయించే చేతి మణికట్టునో, వేలి కొననో, ఒళ్లో పెట్టుకున్నప్పుడైతే మోకాలినో చర్మానికి ఆనించి ధ్వనిని వంచుతారు. మీకు వినిపించిన సాగుడు ఇలాంటిదే కావచ్చు. కాబట్టి గుమ్కీ ఒక్కదాన్నిబట్టి కంజీర ప్రభావమని తేల్చడం నాకు సమ్మతం కాదు. నిజమైన ప్రభావం మరోచోట ఉంది: వేళ్లను విడదీయడంలో. చూపుడు వేలిని ఒక పలుకుకు, మిగతా వేళ్ల గుంపును మరో పలుకుకు కేటాయించి, రెండింటినీ ఒకదాని తరువాత ఒకటిగా ముందుకూ వెనక్కూ ఊపుతూ ఒకే చేత్తో వేగం రాబట్టడం కంజీర వాదన పద్ధతి. వెలెజ్ ఒంటిచేత్తో వాయించే వేగపు భాగాల్లో ఆ పోలిక చెవికి తగులుతుంది. నోటితో ముందు పలికి తరువాత చేతికి ఎక్కించుకోవడం కూడా మన దారి నుంచి వెళ్లినదే. ఆయనతో కలిసి చాలా కచేరీలు చేసిన లోరి కాట్లర్ అనే గాయని కొన్నక్కోల్ (జతులను నోటితో పలికే మన కళ) ప్రేరణతోనే తన లయగానాన్ని తీర్చిదిద్దుకున్నారు.

దీన్ని మీరే పరీక్షించుకోవాలంటే జి. హరిశంకర్ కంజీర రికార్డింగులను పక్కన పెట్టుకుని వినండి. పుదుక్కోట్టై మాన్పూండియా పిళ్లై కంజీరను కచేరీ వేదిక ఎక్కించిన తరువాత, దక్షిణామూర్తి పిళ్లై, పళని సుబ్రమణ్య పిళ్లై లాంటి మహావిద్వాంసులు దాన్ని వాయించారు. అయితే వాళ్లకు మృదంగం కూడా ఉంది. కంజీర అనగానే గుర్తుకువచ్చే పేరు మాత్రం మన తరానికి హరిశంకర్‌దే. 1958లో పుట్టి 2002లోనే వెళ్లిపోయారు. మృదంగ విద్వాంసుడు కారైకుడి మణితో ఆయన వాయించిన తని ఆవర్తనం ఏది దొరికినా సరే. మృదంగం ఒక లెక్క వేసి వదిలాక, హరిశంకర్ దాన్ని తిరిగి పలికే చోట ఆపి, ఆ కొద్ది ఆవర్తనాలను మళ్లీ మళ్లీ వినండి. మృదంగం రెండు మూతల మీద పలికిన పాఠాన్ని ఆయన ఒక్క చేత్తో, ఒక్క చర్మం మీద ఎలా అనువదించారో గమనించండి. తొప్పి (మృదంగం ఎడమ మూత) పలకవలసిన చోట కంజీర గుమ్కీ, మీటు (కుడి మూత అంచు పలుకు) పలకవలసిన చోట అంచు దెబ్బ, అక్కడక్కడ చట్రంలోని నాణేలు తళుక్కుమనడం కూడా లెక్కలో భాగమే.

ఆ వెంటనే ‘బోర్డర్ స్టేట్స్’ పెట్టండి. హరిశంకర్ దగ్గర ప్రతి రంగూ ఒక అక్షరానికి కట్టుబడి ఉంటుంది. వెలెజ్ దగ్గర ఒకే అక్షరం రంగులు మారుతూ పోతుంది. నాదబిందువు గారితో నా వివాదం ఇక్కడికి వచ్చేసరికి తీరిపోయిందనే చెప్పాలి, ఎందుకంటే ఈ జతగా వినేటప్పుడు మాత్రం వేణువూ ఊదూ ఏవీ అడ్డు ఉండకూడదు, సోలోయే కావాలి.

‘అసీరియన్ రోజ్’, ‘డాక్ట్రిన్ ఆఫ్ సిగ్నేచర్స్’ కూడా జాబితాలో ఉంటాయి. మొదటిదానిలో హవర్డ్ లెవీ హార్మోనికా, ఫ్రెంచ్ హార్న్ వంటివి చేరి బృందం పెద్దదయింది, నాకు కాస్త కిక్కిరిసినట్టు అనిపిస్తుంది. రెండవది అనేక ఫ్రేమ్ డ్రమ్ములు కలిసి వాయించినది కనుక, చిర్రపుల్ల గారూ, గుంపుగా వాయించే డప్పుల పక్కన పెట్టి మీరు ఒకసారి విని, అక్కడ అంచు పలుకు ఎలా నిలబడిందో ఇక్కడ రాయగలరు.